ఏడో నంబరు బనియను

పోయిన వారం సంచికలో దేవరాజు మాస్టరును కుడిచెయ్యి పైకెత్తిన భంగిమలో నిలబెట్టి వచ్చేశాం. ఆ చెయ్యి ఇంకా దిగలేదు. ఒక పెద్దమనిషిని ఏడు రోజులు అట్లా నిలబెట్టడం మర్యాద కాదు, నిజమే. అయితే నంద్యాల బేతేలు మిషను హైస్కూల్లో పదిహేడేళ్లుగా డ్రిల్లు మాస్టరీ వెలగబెడుతూ, ఇంతకన్నా చిన్న నేరాలకు ఇంతకన్నా ఎక్కువసేపు పిల్లలను ఎండలో నిలబెట్టిన చరిత్ర ఆయనది గనుక పాఠకులు మరీ నొచ్చుకోనక్కరలేదు.

స్థలం ఆళ్లగడ్డ మైదానం. కాలం వెయ్యిన్నీ తొమ్మిదివందల డెబ్బై తొమ్మిది నవంబరు, ఒకానొక శనివారం సాయంత్రం. సందర్భం, ఆళ్లగడ్డ రంగయ్యగారు తమ తండ్రిగారి పేరిట పెట్టిన బాస్కెట్‌బాల్ కప్పుకు ఫైనల్ ఆట. రెండో సగంలో ఇంకా పదకొండు నిమిషాలున్నాయి. నంద్యాల యాభైమూడు, ఆళ్లగడ్డ ముప్ఫైఒకటి. ఇరవైరెండు పాయింట్ల ఆధిక్యం! ఇంతకన్నా తక్కువ ఆధిక్యంతో రాజ్యాలు స్థాపించినవారు చరిత్రలో ఉన్నారు. ఇంతకన్నా ఎక్కువ ఆధిక్యం చేతిలో పెట్టుకొని రాజ్యాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. దేవరాజు మొదటి జాబితా మాత్రమే చదివాడు.

ఈ ఆధిక్యంలో కొంత కీర్తి ఆళ్లగడ్డ రామయ్యకు కూడా చెందాలి. కొలిమిగుండ్ల గనుల్లో నాపబండలు భుజాన మోసే ఆ ఆరున్నర అడుగుల మనిషి, తొలి సగంలోనే ఐదు ఫౌళ్లు చేసి, పద్నాలుగో నంబరు బనియనుతో సహా బయటికి నడిచాడు. అతడు ఉన్నంతసేపూ ఆట సమానంగా సాగింది. అతడు పోయాక బుట్ట కింద ఆళ్లగడ్డవారికి గోడ లేకుండా పోయింది. అప్పుడు రంగయ్యగారు ఒక్క మాటా మాట్లాడకుండా రామయ్యను తన కుర్చీ వెనుక కూర్చోబెట్టుకున్నారు. అంత మౌనం ఆయన ఒంటికి సరిపడేది కాదు. ఎందుకో అని ఎవరూ ఆలోచించలేదు.

ఈ కప్పు దేవరాజుకు ఎందుకంత అవసరమంటే, నంద్యాల బడి వెనుక ఒక సిమెంటు కోర్టుంది. పదకొండేళ్ల కిందట ఆయనా, ఆయన శిష్యులూ కంకర మోసి, ఇసుక జల్లించి, రాత్రింబవళ్లు గోనెసంచులు తడిపి పరిచి పండించుకున్న నేల అది. దాని నునుపు మీద ఒక వేరుశెనగ వ్యాపారికి మనసైంది. కాయలు ఆరబెట్టడానికి జిల్లా మొత్తంలో అంతటి పుణ్యస్థలం లేదని అతడు బడి కరెస్పాండెంటు పరంజ్యోతిగారికి విన్నవించుకున్నాడు. పరంజ్యోతిగారు ధర్మప్రభువులు. "కప్పు తెచ్చినావా, కోర్టు నీది. తేలేదా, సోమవారం నుంచి శెనిక్కాయలది" అని తీర్పిచ్చి, ఆ తీర్పు ఎటు తిరుగుతుందో కళ్లారా చూడడానికి తామే ఆళ్లగడ్డకు విచ్చేసి, రంగయ్యగారి పక్క కుర్చీలో ఆసీనులయ్యారు.

ఇక ఆ ఎత్తిన చెయ్యి. అది ఆటగాళ్లను మార్చడానికి ఎత్తిన చెయ్యి. ఒకరిని కాదు, ఇద్దరిని కాదు, ఆడుతున్న ఐదుగురినీ ఒక్కసారే బయటికి పిలిచి, బెంచీ మీది ఐదుగురినీ ఒక్కసారే లోపలికి పంపడానికి.

దేవరాజు దగ్గర నల్ల అట్ట నోటుపుస్తకం ఒకటుంది. అందులో 'ఆధిక్య రక్షణ ప్రకరణము' అని ఒక భాగముంది. ముందున్నప్పుడు మనుషులను ఇద్దరిద్దరిగానే మార్చవలెనన్నది అందులో మొదటి సూత్రం. బంతి నడిపేవాడొకడూ, బుట్ట కింద నిలిచే పొడుగువాడొకడూ సదా లోపలే ఉండవలెనన్నది రెండో సూత్రం. రెండింటినీ ఎర్రసిరాతో రాసి కింద గీతలు కూడా గీసుకున్నాడు. ఆ సాయంత్రం రెండింటినీ ఒకే చేత్తో ఉల్లంఘించాడు.

కారణాలు లేకపోలేదు. భార్య ప్రసన్నకుమారి రెండేళ్లుగా అన్నం వడ్డిస్తూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మా తమ్ముణ్ని ఆటకు తీస్కపోతాండావా, బెంచీకి కాపలా పెట్టను తీస్కపోతాండావా?" ఆ తమ్ముడి పేరు నతానియేలు. అదిగాక, ఆ జట్టులో ఒక ఆచారముంది. పొరుగూరి ఆటకు పోయేటప్పుడు పదిమంది ఇళ్ల నుంచీ సద్దిమూటలు వస్తాయి. మూట పంపిన ప్రతి ఇంటి బిడ్డా ఐదు నిమిషాలైనా కోర్టు తొక్కాలి. తొక్కకుండా తిరిగివస్తే ఆ ఇంటి నుంచి మళ్లీ మూట రాదు. అంతటితో పోలేదు. కొద్దిసేపటి కిందట రంగయ్యగారు పంచె కుచ్చెళ్లు చేత్తో ఎత్తిపట్టుకొని, షికారుకు వచ్చినట్టు నంద్యాల బెంచీ దాకా వచ్చారు.

"ఏం సారూ, ఇరవైరెండు చాల్లేదా? ఈ కూచున్నోళ్లకు కాళ్లు లేవా, నీకు ధైర్యం లేదా?"

"ధైర్యానికేం తక్కువ రంగయ్యగారూ."

"కాదులేప్పా. మా ఇంట్లో రెండు జట్లకూ కోడికూర ఉడుకుతాంది. తినేటప్పుడు మా పిల్లోళ్లు తలకాయ ఎత్తాల్నా, వద్దా? రవ్వంత మర్యాద చెయ్యి."

ధైర్యం లేదన్న మాటను దేవరాజు దులిపేసుకునేవాడే. మర్యాద అన్న మాటకు మాత్రం ఆయన దగ్గర మందు లేదు.

"నన్నొద్దు సార్," అన్నాడు ఏలీయా. మాస్టరు దగ్గరే చదివి, ఇప్పుడు నంద్యాల జిన్నింగు మిల్లులో పత్తిబేళ్లు ఎత్తే ఈ ఆరడుగుల మూడంగుళాల యువకుడివే ఆ యాభైమూడులో ఇరవైనాలుగు. "ఇప్పుడు కూచుంటే ఎడంకాలు బిగుసుకుంటాది. ఆడతాంటేనే బాగుంటాది."

"మూడు ఫౌళ్లయినాయి నీకు. ఐదైతే బయటికే. నిన్ను ఫౌళ్ల నుంచి కాపాడుకోవల్లనే కూచోబెడతాండా. బనియను విప్పు."

బనియను విప్పడమెందుకో చెప్పాలి. జట్టుకు మొదట పది బనియన్లుండేవి. నిరుడు ఆత్మకూరులో ఉతికి ఆరేసినప్పుడు మూడింటిని నల్లమల కోతులు స్వీకరించాయి. ఐదు, తొమ్మిది, పన్నెండు నంబర్లు అప్పటినుంచీ అడవి పక్షాన ఆడుతున్నాయి. మిగిలిన ఏడింటిలోనే పదిమందీ సర్దుకోవాలి గనుక, వచ్చేవాడు విప్పితే పోయేవాడు తొడుక్కోవడం ఆనవాయితీ అయింది. ఆ విధంగా ఏలీయా ఒంటి చెమటతో తడిసిన ఏడో నంబరు బనియను నతానియేలు పొట్ట మీదికి పాక్కుంటూ దిగింది. ఏలీయా తువ్వాలు కప్పుకొని బెంచీ మీద కూర్చున్నాడు.

"ఇంక చూస్కో బావా," అన్నాడు నతానియేలు.

"కోర్టులో బావ లేడు, సార్ అను. బంతి వస్తే పట్టుకో. పట్టుకుంటే పక్కోనికియ్యి. బుట్ట దిక్కు చూడొద్దు. మనకు పాయింట్లొద్దు, టైం గడవల్ల. తెలిసిందా?"

"టైం గడపడమెంతసేపు బావా... సార్."

ఆ మాట వరకూ అతడు సత్యవాదే. రెండేళ్ల నిరీక్షణ తర్వాత చేతికందిన బంతిని నతానియేలు పక్కవాడికి ఇవ్వలేదు. ఎదుటివాడికీ ఇవ్వలేదు. బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా గుండెకు హత్తుకొని, ముప్ఫై సెకన్ల గడువు దాటి రెఫరీ విజిలు వేసేదాకా అట్లాగే నిలబడ్డాడు. బంతి ఆళ్లగడ్డకు పోయింది. అక్కడినుంచి బుట్టలోకి పోయింది. రెండోసారీ అదే జరిగింది. మూడోసారి నతానియేలు బుద్ధి తెచ్చుకొని, కోర్టు నడిమధ్య నుంచే బుట్టకు గురిపెట్టి విసిరాడు. ఆ బంతి పరంజ్యోతిగారి కుర్చీ కింద దొరికింది. యాభైమూడు, ముప్ఫైఏడు.

తప్పు దిద్దుకుందామని తరువాతి పట్టున అతడు బుట్ట కిందికి దూసుకొస్తున్న ఆళ్లగడ్డ కుర్రవాణ్ని పెళ్లివారింట్లో వియ్యంకుణ్ని కావలించుకున్నంత ఆప్యాయంగా కావలించుకున్నాడు. విజిలు మోగింది. స్కోరు బల్ల దగ్గర కరణం శేషయ్య కళ్లద్దాలు సవరించుకొని, పుస్తకంలో ఒక గీత గీశాడు. ముప్ఫై ఏళ్లుగా ఆళ్లగడ్డ పొలాల రికార్డులు రాసిన చెయ్యి అది. గీత సన్నగా, నిటారుగా పడింది. దేవరాజు అటు చూడలేదు.

"సార్, మమ్మల్ని పంపండి," అన్నాడు దావీదు. బంతి నడపడంలో జట్టుకు అతడే దిక్కు. నాలుగో నంబరు ఇచ్చేసి అతడూ ఒట్టి ఒంటితో కూర్చున్నాడు. "పన్నెండుకొచ్చె."

"ఇంగొక్క నిమిషం. ఐదు నిమిషాలన్నా ఆడకపోతే ఇండ్లలో ఏమంటారు?"

"కోర్టు పోతే ఏమంటారు సార్?"

దేవరాజు చూపు మాటిమాటికీ బల్ల మీది టైంపీసు వైపు పోతోంది. ఆధిక్యంలో ఉన్నవాడికి గడియారం ముల్లు కదలదన్న సంగతి నోటుపుస్తకంలో ఎక్కడా లేదు. యాభైఐదు, నలభైఐదు. ఒక అదృష్టవంతుడు గుడ్డిగా విసిరిన బంతి లోపల పడింది. యాభైఏడు. ఆ సంబరం చల్లారకముందే ఆళ్లగడ్డకు ఒక బుట్టా, దాని వెంట ఒక ఫ్రీ త్రో. యాభైఏడు, నలభైఎనిమిది. మైదానం చుట్టూ గోడలెక్కిన జనం తప్పెట్లు మోగించడం మొదలుపెట్టారు. ఇరవైరెండు కాస్తా తొమ్మిదైంది. ఇంకా ఐదు నిమిషాలున్నాయి.

ఆ తప్పెట్ల మోతలో దేవరాజుకు నంద్యాల కోర్టు కనిపించింది. దాని మీద గోనెపట్టాలు, పట్టాల మీద కాయలు, కాయలు తిరగేసే పలకల చప్పుడు. ఆయన లేచాడు.

"లెయ్ ఏలీయా. దావీదూ, లెయ్. అందరూ లేయండి."

సరిగ్గా అప్పుడే బుట్ట కింద నతానియేలు తన రెండో ఆలింగనాన్ని సమర్పించాడు. విజిలుతో పాటు, అంతకుముందెన్నడూ మోగని ఇత్తడి గంట ఒకటి స్కోరు బల్ల మీద మోగింది. శేషయ్య ఐదు వేళ్లూ విప్పి చూపించాడు.

"ఏడో నంబరుకు ఐదు. బయటికి."

దేవరాజు నవ్వుతూ బల్ల దగ్గరికి పోయాడు. "ఐదు యాడివి శేషయ్యప్పా? మావాడు చేసింది రెండు. వాడు లోపలికి పోయి ఆరు నిమిషాలు కూడా కాలేదు."

"మీవాడెవరో నాకు తెల్దు సారూ. ఏడుకు మూడుండె. ఇప్పుడు రెండొచ్చె. మూడూ రెండూ నంద్యాలలో ఎంతవుతాదో గానీ ఆళ్లగడ్డలో ఐదు."

"మూడు ఏలీయావి! రెండు నతానియేలువి! ఇద్దరు మనుషులప్పా!"

"మనుషులు వస్తాంటారు, పోతాంటారు. నంబరు ఉంటాది. భూమి చేతులు మారినంత మాత్రాన సర్వే నంబరు మారతాదా? దాని మీదుండే తగువు యాడికి పోతాది? కొన్నోని కాడికే పోతాది."

"ఇది భూమి కాదు, బనియను! రూలు పుస్తకముండాది నా సంచిలో. ఆటగాడు అని రాసిండాది, బనియను అని కాదు. రెఫరీగారూ, మీరు చెప్పండి."

రెఫరీ శ్రీశైలం ప్రాజెక్టులో పనిచేసే మనిషి. ఏ ఊరికీ చెందనివాడు గనుక పిలిపించారు. ఆయన ఒక కన్ను తగువు మీదా, ఒక కన్ను బస్సు వచ్చే దారి మీదా పెట్టి అన్నాడు: "నిన్న మీరు వేరే చెప్పినారు గదా సార్."



శేషయ్య తొందరపడలేదు. వేలు తడిచేసుకుంటూ పుస్తకం చివరి పేజీ దాకా తిరగేశాడు. "చదవమంటావా, నువ్వే చదువుకుంటావా?"

నిన్న సెమీఫైనల్లో ఆత్మకూరు మీద ఏలీయా పదో నంబరు తొడుక్కొని తొలి సగంలోనే నాలుగు ఫౌళ్లు చేశాడు. విరామంలో దేవరాజు అతని పదిని విప్పించి, మచ్చలేని ఏడును తొడిగించాడు. ఆత్మకూరువాళ్లు మొత్తుకున్నారు. అప్పుడు ఈ బల్ల ముందే, ఈ రెఫరీ ఎదుటే నిలబడి ఆయన పావుగంట అనర్గళంగా ప్రసంగించాడు. స్కోరు పుస్తకంలో మనిషి పేరుందా? లేదు. ముఖముందా? లేదు. ఉన్నది నంబరొక్కటే! శేషయ్య జీవితంలో తన మనసులోని మాటను అంత శాస్త్రీయంగా చెప్పిన మనిషిని చూడలేదు. ఆనందం పట్టలేక ఆ వాదాన్ని రెండు వాక్యాల్లోకి కుదించి రాసి, కింద దేవరాజు చేత సంతకం చేయించుకున్నాడు.

"'ఫౌలు నంబరుకే గానీ మనిషికి కాదు. ఎవరు తొడిగినా బనియను మీదుండేది బనియనుకే చెల్లును,'" అని శేషయ్య గొంతు సవరించుకొని చదివాడు. "ఇది నీ సంతకమేనా సారూ?"

నిస్సందేహంగా ఆయనదే. కిందిగీత కూడా ఉంది.

విషయం ఇప్పుడు దేవరాజు తలలో మెల్లగా తెల్లవారింది. ఏలీయాను ఫౌళ్ల నుంచి కాపాడడానికి బయట కూర్చోబెట్టాడు. ఆ ఆరు నిమిషాలూ ఏలీయా తువ్వాలు కప్పుకొని, ఎవరినీ తాకకుండా, నోరు కూడా మెదపకుండా, బెంచీ మీద కూర్చున్నచోటనే రెండు ఫౌళ్లు చేశాడు.

నతానియేలు ఏడో నంబరును తలమీదుగా విప్పడానికి పెనుగులాడుతూ వచ్చాడు. "నేనేం చేసినా బావా? నువ్వు టైం గడపమంటివి గదా."

"నోర్ముయ్యి."

కానీ దేవరాజు వాదించడం మొదలుపెడితే ఓడిపోయే జాతి కాదు. ఒక్క క్షణం కళ్లు మూసుకొని తెరిచేటప్పటికి ఆ కళ్లలో నిన్నటి వెలుగు వచ్చింది.

"సరే శేషయ్యప్పా. నంబరే గదా? మనిషి లేడు గదా? ఏడు సచ్చిపోయింది. మరి పదమూడుకు ఎన్ని ఫౌళ్లుండాయి?"

శేషయ్య చూశాడు. "ఒకటీ లేదు."

పదమూడో నంబరు కృపావరం ఒంటి మీద ఉంది. కృపావరం గుళ్లో కీర్తనలు పాడే మెత్తని మనిషి. ఆరు నిమిషాల్లో బంతినిగాని మనిషినిగాని ముట్టుకున్న పాపాన పోలేదు. ఆ బనియను ఉతికినప్పటి కన్నా పరిశుద్ధంగా ఉంది.

"అట్లయితే ఆ పదమూడు విప్పించి మా ఏలీయాకు తొడిగిస్తా. మచ్చలేని నంబరు. నీ రూలే, నా సంతకమే. కాదనే మొగోడెవడు?"

"ఎవరూ కాదనరు సారూ. న్యాయమే," అన్నాడు శేషయ్య మనస్ఫూర్తిగా.

గోడ మీది నంద్యాల జనం ఈలలు వేశారు. పరంజ్యోతిగారు తల ఊపారు. కృపావరం వినయంగా బనియను విప్పి ఇచ్చాడు. దేవరాజు దాన్ని జయపతాకలాగా పట్టుకొని బెంచీ వైపు తిరిగాడు. వాదంలో గెలిచిన మనిషి ముఖం ఎంత అందంగా ఉంటుందో ఆ నాలుగడుగుల దూరం ఆళ్లగడ్డ ప్రజలు చూశారు.

"శానా న్యాయం," అన్నారు రంగయ్యగారు.

ఆయన గొంతు పెద్దది కాదు. అయినా తప్పెట్లు ఆగిపోయాయి. ఆయన కుర్చీ కింది నుంచి కాగితప్పొట్లం ఒకటి తీసి విప్పారు. లోపల కొత్త బనియను, కొట్టు మడతలు చెదరనిది. వీపున పదిహేను.

"రామయ్యా, తొడుక్కో నాయనా."

కుర్చీ వెనుక కొండ కదిలింది.

"అదెట్ల రంగయ్యగారూ!" దేవరాజు చటుక్కున వెనక్కి తిరిగాడు. "ఐదు ఫౌళ్లతో పోయిన మనిషి!"

"మనిషి యాడుండాడు సారూ? పోయింది పద్నాలుగు. ఇది పదిహేను. పుట్టినప్పట్నుంచీ ఒక్క ఫౌలన్నా చేసిండాదేమో అడుగు మా శేషయ్యను."

"అట్లయితే ఇందాకనే ఎందుకు అడగలేదు?"

"ఇందాక అడిగింటే నువ్వు ఒప్పుకుంటాంటివా? నిన్న చెప్పిందానికి అడ్డంగా ఇంకోటి చెప్పింటావు. నీ నోరు నాకు తెల్దా? అది మళ్లా నీ నోట్లో నుంచే రావల్లని కూచుంటి."

ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదని దేవరాజుకు తెలుసు. ఇందాక అడిగి ఉంటే ఆయన రూలు పుస్తకం తీసి, మనిషి మనిషేనని మరో పావుగంట ప్రసంగించి ఉండేవాడు.

శేషయ్య కలం విప్పాడు. "చూడు సారూ. నేను రెండు దిక్కులా ఒకటే రాస్తా. పదమూడు మాట నువ్వు వెనక్కి తీస్కుంటే, పోయిన నంబరుతో పాటు దాన్ని తొడిగినోడూ పోయినట్టే: ఏలీయా కూచుంటాడు, రామయ్యా కూచుంటాడు. నిలబెడితే ఇద్దరూ ఆడతారు. గంట కొట్టకముందే చెప్పల్ల. రెండు ఫ్రీ త్రోలు ఎయ్యాల్సిండాది, రెఫరీగారికి బస్సుండాది."

దేవరాజు చేతిలో పదమూడో నంబరు తేలికగా వేలాడుతోంది. తొమ్మిది పాయింట్లు. రెండు ఫ్రీ త్రోలూ పడితే ఏడు. ఐదు నిమిషాలు. నోటుపుస్తకంలో మూడో సూత్రం ఎర్రసిరాతో ఆయన కళ్ల ముందు నిలిచింది: ఎదుటివాని బలవంతుడు బయట ఉన్నంతవరకు మన బలవంతుడు బయట ఉన్నను నష్టము లేదు.

"వద్దు సార్," దావీదు చెవి దగ్గర గబగబా గొణిగాడు. "కూచోనీ ఇద్దర్నీ. రామయ్య లేకపోతే మేం నలుగురం చాలు. వాళ్లకు ఊపిరి ఆడడంల్యా, చూడండి. బంతి నా చేతికియ్యండి, ఐదు నిమిషాలు నేను తిప్పుతా. ఒక్కని చేతికీ అందనియ్యను."

అది సూత్రమే. మనిషి రూపంలో వచ్చి చెవిలో చెబుతోంది.

"ఏలీయా ఉండంగా ఇంకా ఆలోచనేంది దేవరాజూ?" పరంజ్యోతిగారు కుర్చీలోంచే అడిగారు. కాయల మీద ఆయన మనసు ఎప్పుడో ఆరిపోయింది. ఇప్పుడు ఆయనకు ఆట కావాలి.

"ఆయనకు భయం సామీ," అన్నారు రంగయ్యగారు పక్కకు వంగి, కానీ అందరికీ వినబడేటట్టు. "ఇరవైరెండు ఉన్నప్పుడూ భయమే, తొమ్మిది ఉన్నప్పుడూ భయమే."

దేవరాజు ఏలీయా వైపు చూశాడు. ఏలీయా బెంచీ మీద కూర్చునే ఉన్నాడు, తువ్వాలు మోకాళ్ల మీద పరుచుకొని.

"రానీండి సార్ వాన్ని," అన్నాడు. "మొదటి సగంలో వాడు నన్ను మోచేత్తో పొడిసినప్పుడు నేను ఊరుకున్యా, ఫౌళ్లుండాయని. ఇప్పుడు నాకు సున్నా. వాన్ని నేను చూసుకుంటా."

దేవరాజు ఆలోచించింది ఇది: ఇంతసేపూ జాగ్రత్తపడ్డాను. జాగ్రత్తే పదమూడు పాయింట్లు తినేసింది. ఇక జాగ్రత్త చాలు. అందులోని తప్పు ఆయనకు కనబడలేదు. ఆయనను ముంచింది జాగ్రత్త కాదు, మర్యాద. జాగ్రత్తను ఆయన పదకొండు నిమిషాలుండగానే బనియనుతో పాటు విప్పించేశాడు. కానీ ఆ తేడా తెలియాలంటే నోటుపుస్తకం తెరవాలి, అది సంచిలో ఉంది, సంచి మీద నతానియేలు కూర్చున్నాడు.

"రాస్కో శేషయ్యప్పా," అన్నాడు దేవరాజు. "ఇద్దరూ ఆడతారు."

దావీదు తల పక్కకు తిప్పుకున్నాడు. శేషయ్య కలం రెండు పంక్తుల్లో నడిచింది. పదమూడు. పదిహేను. సిరా ఆరడానికి ఊది, ఆయన గంట మీద చెయ్యి పెట్టాడు.

రామయ్య కోర్టులోకి దిగాడు. కొత్త బనియను మడతలు అతని ఛాతీ మీద పలకల్లాగా నిలబడ్డాయి. నీళ్లు చల్లిన మట్టినేలలో అతని అడుగులు ఒక్కొక్కటీ అచ్చు దిగుతున్నాయి. బుట్ట కింద, తనదైన చోట పోయి నిలబడ్డాడు.

ఏలీయా చేతులెత్తాడు. దేవరాజు స్వయంగా పదమూడును అతని తలమీదుగా తొడిగి, భుజం తట్టాడు. "లెయ్."

ఏలీయా బెంచీ అంచు పట్టుకున్నాడు. లేచాడు. కుడికాలు గీత దాటింది. ఎడమకాలు దాని వెంట రాలేదు. రెండు చేతులా తొడను పట్టుకొని, ఎత్తి, గీతకు అవతల పెట్టాడు. పిక్క దగ్గర కండరం గడ్డకట్టి, చర్మం కింద పిడికిలిలాగా నిలిచి ఉంది.

"ఏందిరా అది?"

"ఏం ల్యా సార్. నడిస్తే సర్దుకుంటాది," అన్నాడు ఏలీయా. ఆ మాట అంటున్నప్పుడు అతడు మాస్టరు ముఖంలోకి చూడలేదు.

గంట మోగింది. రెఫరీ బంతి అందించాడు. ఆళ్లగడ్డ కుర్రవాడు వేసిన మొదటి ఫ్రీ త్రో బుట్ట అంచునైనా తాకకుండా లోపలికి జారింది. జనమంతా బంతిని చూశారు. బుట్ట కింద రామయ్య ఒక్కడే దాన్ని చూడలేదు. అతని కళ్లు ఏలీయా ఎడమకాలి మీద ఉన్నాయి.